ఇష్టం లేకపోతే కొనకు అంటే సరిపోతుందా?

మొన్న రాత్రి నా గేమ్‌లో ఒక ముసలాయన గోడ వైపు తిరిగి నిలబడిపోయాడు. మాట్లాడడు, కదలడు, వెనక్కి తిరగడు. కథ ముందుకు సాగాలంటే ఆయన నాకో తాళంచెవి ఇవ్వాలి. ఆయన భుజం పక్కన నిలబడితే "మాట్లాడు" అనే అక్షరాలు ఒక్క క్షణం మెరిసి మాయమవుతాయి, బటన్ నొక్కే లోపే. ఆ ఊరు దాటి వెళ్లి తిరిగొచ్చాను. గేమ్‌లోనే మూడు రోజులు పడుకుని లేచాను. సేవ్ చేసి, మూసి, మళ్లీ తెరిచాను. చివరికి మొత్తం తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను, అది డౌన్‌లోడ్ అయ్యేసరికి తెల్లారింది. ముసలాయన అక్కడే ఉన్నాడు, గోడ మీద ఏదో రాసుంటే చదువుతున్నంత శ్రద్ధగా. అప్పటికి నేను ఆడింది 41 గంటలు. ఆయన ఇటు తిరిగి ఉన్న పాత సేవ్ ఒకటుంది కానీ అది 26వ గంట దగ్గరిది.

మా వాడికి, అంటే నా స్నేహితుడికి, ఫోన్ చేసి గోడు వెళ్లబోసుకుంటే పడీ పడీ నవ్వాడు. "ఆ కంపెనీ గేమ్ మొదటి రోజే కొన్నావంటే తప్పు నీదేరా. వాళ్ల సంగతి తెలిసిందే కదా. ప్రతిసారీ ఇంతే చేస్తారు, ప్రతిసారీ నువ్వు ఇంతే కొంటావు. ఇష్టం లేకపోతే కొనకు, ఎవడైనా మెడ మీద కత్తి పెట్టాడా?"

కత్తి ఎవడూ పెట్టలేదు, ఒప్పుకుంటా. కానీ ఆ మాట మీద ఇద్దరం రెండు గంటలు గొడవపడ్డాం, ఆ రెండు గంటల్లో నాకు తట్టనివి కొన్ని ఫోన్ పెట్టేశాక తట్టాయి, అందుకే ఈ పోస్ట్. ఆ కంపెనీ పేరు చెప్పను. ఒక్క నా ముసలాయన్ని సాక్ష్యంగా పెట్టి ఒక కంపెనీని బోనెక్కించడం న్యాయం కాదు, పైగా విషయం అంతకంటే పెద్దది.

మా వాడి వాదన గట్టిదే. పేరు కూడా సమాచారమే అంటాడు. గేమ్స్ తీసే బెథెస్డా కంపెనీనే చూడు, 1996లో డాగర్‌ఫాల్ అనే గేమ్ దగ్గర్నుంచీ వాళ్ల గేమ్స్ అంటే బగ్స్, అంటే ప్రోగ్రామ్‌లో తప్పులు, అని లోకమంతా చెప్పుకుంటోంది. 2010లో వాళ్లు పబ్లిష్ చేసిన ఫాలౌట్ న్యూ వేగస్ మొదలవగానే డాక్టర్ తల బొంగరంలా గిర్రున తిరిగే వీడియో చూడనివాడు లేడు. 2011లో వాళ్ల స్కైరిమ్ గేమ్‌కి ఒక ప్యాచ్ (తప్పులు సరిచేసే అప్‌డేట్) వదిలితే డ్రాగన్లు వెనక్కి ఎగరడం మొదలుపెట్టాయి. అయినా ఆ స్కైరిమ్ 2023 నాటికి ఆరు కోట్ల కాపీలు దాటింది. "అంటే ఏంటి? జనానికి బగ్స్ ఉంటాయని తెలుసు, తెలిసే కొన్నారు, ఆడారు, ఆనందించారు. మధ్యలో నీ బాధేంటి?"

ఇక్కడ నేను కొంత దూరం వాడితోనే నడుస్తాను. బగ్ అంటే అన్నీ ఒకటి కాదు. స్కైరిమ్‌లో జెయింట్ దుడ్డుకర్రతో ఒక్కటిస్తే మనిషి ఆకాశంలోకి రాకెట్‌లా లేచిపోతాడు, అది చూసి విసుక్కున్నవాడు నాకెవడూ తగల్లేదు. అదే గేమ్‌లో కొట్టువాడి తల మీద బుట్ట బోర్లించి, వాడికి కళ్లు కనబడవు కాబట్టి కొట్టంతా ఊడ్చుకుపోవచ్చు. ఇది ఎవరో కూర్చుని రాసిన దొంగతనం సీన్ కాదు. బుట్ట అనేది ఒక వస్తువు, దాన్ని ఎక్కడికైనా మోయొచ్చు, కళ్లకీ దొంగకీ మధ్య ఏదైనా అడ్డముంటే కనబడదు అని మూడు మామూలు నియమాలు పెట్టారు, అవి మూడూ కలిసి వాళ్లే అనుకోని ఒక తమాషాని పుట్టించాయి. ఇలాంటి నియమాలు వందలుంటే అవి ఒకదాన్నొకటి గుద్దుకునే చోట్లు లక్షలుంటాయి, అన్నింటినీ పరీక్షించడం ఏ టీమ్ వల్లా కాదు. బుట్ట తమాషా కావాలంటే అప్పుడప్పుడు గుర్రం నిలువు కొండ ఎక్కడం కూడా భరించాలి. ఈ బేరం నాకు ఇష్టమే, నిజం చెప్పాలంటే బగ్ ఒక్కటీ లేని ఓపెన్ వరల్డ్ గేమ్ (ఎక్కడికైనా తిరిగే వీలున్నది) అంటే నాకు కొంచెం అనుమానం, అందులో చేయడానికి ఏమీ లేదేమో అని.

కానీ అదే స్కైరిమ్‌ని ప్లేస్టేషన్ 3 అనే కన్సోల్‌లో (టీవీకి తగిలించుకుని ఆడే యంత్రం) కొన్నవాళ్ల సంగతి వేరు. ఆ గేమ్ మనం కదిపిన ప్రతి వస్తువునూ గుర్తుపెట్టుకుంటుంది, ఏ గిన్నె ఎక్కడ పడేశాం, ఏ శవం ఎక్కడుంది అన్నీ. ఆడే కొద్దీ సేవ్ ఫైల్ లావెక్కుతుంది. ప్లేస్టేషన్ 3లో మెమరీ 256 ఎంబీ గేమ్‌కి, 256 ఎంబీ గ్రాఫిక్స్‌కి అని రెండు గదులుగా విడగొట్టి ఉంటుంది, ఒక గది నిండితే రెండోది ఖాళీగా ఉన్నా అక్కరకు రావడం కష్టం. దాంతో పదుల గంటలు ఆడాక ఫ్రేమ్ రేట్ (సెకనుకు మారే బొమ్మల సంఖ్య) పడిపోయి, స్లైడ్ షో చూస్తున్నట్టు అయ్యేది. ఎంత ఇష్టపడి ఎక్కువ ఆడితే అంత త్వరగా పాడవుతుంది, ఇంతకంటే దారుణమైన బగ్ నాకు తెలీదు. డాన్‌గార్డ్ అనే అదనపు కథ ఎక్స్‌బాక్స్ 360కి 2012 జూన్‌లో వస్తే ప్లేస్టేషన్ 3 వాళ్లకు 2013 ఫిబ్రవరిలో వచ్చింది. అదే గేమ్, అదే పేరు, అదే ధర. "పేరు తెలిసే కొన్నారు" అనే మాట వీళ్లకు వర్తిస్తుందా? వాళ్లకు తెలిసిన పేరు వెనక్కి ఎగిరే డ్రాగన్ల పేరు. నలభై గంటల తర్వాత గేమ్ చచ్చిపోతుందని కొనేటప్పుడు ఎవడికీ తెలీదు, ఎందుకంటే నలభై గంటలు ఇంకా ఎవడూ ఆడలేదు.

నవ్వు బగ్స్ వీడియోలు చూసేవాళ్లకు ఈ తేడా పట్టదు. ఎద్దు పుండు కాకికి ముద్దు అన్నట్టు, నా ముసలాయన వీడియో గ్రూపులో పెడితే అందరూ పగలబడి నవ్వారు, ఒకడు దాన్ని స్టిక్కర్ కూడా చేశాడు. బాగుంది, నేనూ వాడుతున్నాను.

ఇంతకీ మా వాడితో నా అసలు పేచీ ఎక్కడంటే, "కొనకపోవడం నీ చేతుల్లోనే ఉంది" అన్నప్పుడు వాడు ఒక విషయం దాటేస్తున్నాడు. కొనాలా వద్దా అని నిర్ణయించుకునే రోజున నాకేం తెలుసు అనేది ఎవరి చేతుల్లో ఉంది? నా చేతుల్లో అయితే లేదు. సైబర్‌పంక్ 2077 తీసుకో. 2020 డిసెంబర్ 10న వచ్చింది. అప్పటికే 80 లక్షల ప్రీ-ఆర్డర్లు, అంటే విడుదలకు ముందే కొన్నవి. రివ్యూ రాసేవాళ్లకు ముందుగా ఇచ్చింది పీసీ వెర్షన్ మాత్రమే, పైగా మొదటి రివ్యూల్లో సొంతంగా రికార్డ్ చేసిన వీడియో చూపించొద్దని, కంపెనీ ఇచ్చిన క్లిప్పులే వాడాలని షరతు. పాత ప్లేస్టేషన్ 4లో, ఎక్స్‌బాక్స్ వన్‌లో అది ఎలా నడుస్తుందో విడుదలకు ముందు రివ్యూల్లో ఎక్కడా రాలేదు. జనం చూశాక ఏమైందో తెలిసిందే, వారం తిరిగేసరికి సోనీ తన స్టోర్ నుంచి గేమ్‌ని తీసేసి డబ్బులు వెనక్కిచ్చింది, మళ్లీ పెట్టింది 2021 జూన్‌లో. ఇందులో పాత కన్సోల్‌లో కొన్నవాడు చేసిన తప్పేంటో నాకు చెప్పండి. రివ్యూలు చదివాడు, బాగున్నాయి. వీడియో చూశాడు, అదిరింది. పైగా అంతకుముందు ఆ కంపెనీకి చెడ్డపేరు కూడా లేదు, విచర్ 3 తీసిన చెయ్యి కదా అని నమ్మాడు. మా వాడి సూత్రం ప్రకారం పేరు చూసే కొన్నాడు మరి.

2014లో అసాసిన్స్ క్రీడ్ యూనిటీ ఇంకో రకం. గేమ్ అర్ధరాత్రి అమ్మకానికి వచ్చింది, రివ్యూలు మాత్రం మర్నాడు మధ్యాహ్నం దాకా వేయకూడదని కట్టడి. ఆ పన్నెండు గంటల్లో కొన్నవాడు కళ్లకు గంతలు కట్టుకుని కొన్నట్టే, గంతలు కట్టింది వేరేవాళ్లు. తర్వాత మొహం చర్మం లేకుండా కళ్లూ పళ్లూ మాత్రమే గాల్లో తేలే పాత్రల బొమ్మలు బయటికొచ్చాయి. యూబీసాఫ్ట్ క్షమాపణ చెప్పింది, అదనపు కథ ఉచితంగా ఇచ్చింది. ఆ ఇవ్వడం మంచిదే, కాదనను. కానీ రివ్యూలు ఒక్క రోజు ముందు వేయనిచ్చి ఉంటే క్షమాపణే అక్కర్లేకపోను.

అసలు ప్రీ-ఆర్డర్ అనేదే ఒక వింత. డబ్బాలో డిస్క్ అమ్మే రోజుల్లో దానికి అర్థం ఉండేది, కొట్టుకి పది కాపీలొస్తే పదకొండోవాడికి దొరకదు. ఇప్పుడు డౌన్‌లోడ్‌కి స్టాక్ అయిపోయేదేముంది? అయినా ఒక కత్తో టోపీయో ఎర వేస్తారు, మనం కొరుకుతాం. అన్నట్టు కన్సోల్‌లో గుచ్చి ఆడే క్యాట్రిడ్జ్‌ల కాలంలో, ఒకసారి బయటికెళ్లిన బగ్ వెనక్కి తెచ్చుకునే దారి ఉండేది కాదు, అందుకని బయటికి పంపే ముందు చెమటలు పట్టేవి. ఇప్పుడు మొదటి రోజే ప్యాచ్ వదలొచ్చు కాబట్టి ఆ భయం పోయింది. ప్యాచ్‌ల వల్ల ఎన్ని గేమ్స్ బాగుపడ్డాయో తెలుసు, కానీ "తర్వాత చూద్దాంలే" అనే మాటకు తలుపు తీసింది కూడా అవే.

"టెస్టింగ్ సరిగ్గా చేయరు" అని చాలామంది అంటారు. ఇది నాకు ఒళ్లు మండే మాట. గేమ్ టెస్టింగ్ చేసిన ఒకాయన నాతో చెప్పాడు, నీకు మొదటి రోజు కనబడే బగ్‌లలో చాలావరకు మా లిస్టులో ఆర్నెల్ల నుంచి ఉంటాయి అని. దొరకడం సమస్య కాదట. దొరికినవాటిలో ఏది సరిచేయాలి, ఏది "తెలుసు, ఇలాగే పంపేద్దాం" అనే డబ్బాలో వేయాలి అని తేల్చేది తేదీ. ఆ తేదీ పెట్టేది టెస్టర్ కాదు, కోడ్ రాసేవాడు కూడా కాదు. న్యూ వేగస్‌ని అబ్సిడియన్ అనే స్టూడియో దాదాపు ఏడాదిన్నరలో తీసింది. అంత పెద్ద గేమ్‌కి అది చాలా తక్కువ. రివ్యూల మార్కులన్నీ కలిపి సగటు చూపే మెటాక్రిటిక్ సైట్‌లో 85 వస్తే వాళ్లకు బోనస్ అని ఒప్పందం. వచ్చింది 84. బగ్స్ గురించి రివ్యూ చేసినవాళ్లంతా రాశారు, ఆ ఒక్క మార్కు ఎక్కడ పోయిందో ఊహించుకోవచ్చు. ఇప్పుడు అదే గేమ్‌ని ఆ సిరీస్‌లో అన్నింటికంటే గొప్పదని జనం నెత్తిన పెట్టుకుంటున్నారు. చెడ్డపేరు ఎవరికి రావాలో వాళ్లకే వస్తుందనుకుంటే అమాయకత్వం. తిలాపాపం తలా పిడికెడు, డబ్బు విషయంలో మాత్రం పంపకం అలా ఉండదు.

ఫాలౌట్ 76 గురించి చెప్పకుండా ఈ పోస్ట్ ముగిస్తే మీరు ఊరుకోరు. 2018 నవంబర్. బగ్స్ సరేసరి. 200 డాలర్ల స్పెషల్ ఎడిషన్‌లో కాన్వాస్ బ్యాగ్ ఇస్తామని చెప్పి పల్చటి నైలాన్ సంచి పంపారు, అడిగితే గేమ్‌లో వాడుకోమని 500 ఆటమ్స్ చేతిలో పెట్టారు, అంటే ఐదు డాలర్ల విలువ. గోల పెరిగాక నిజం బ్యాగులు చేయించి ఇస్తాం, వివరాలు పంపండి అన్నారు. పంపినవాళ్లలో కొందరికి ఇతరుల పేర్లు, చిరునామాలు కనబడ్డాయి, అక్కడా బగ్గే! ఇది రాస్తుంటే ఇప్పటికీ నవ్వొస్తోంది. 2019లో ఆస్ట్రేలియాలో వినియోగదారుల కమిషన్ కలగజేసుకుంటే గానీ అక్కడివాళ్లకు రిఫండ్ ఇస్తామని మాతృసంస్థ జెనీమ్యాక్స్ ఒప్పుకోలేదు.

ఈ రిఫండ్ దగ్గరికే నేను వస్తున్నాను. 2015 జూన్ మొదట్లో స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ దుకాణంలో రిఫండ్ పద్ధతి మొదలైంది, కొన్న 14 రోజుల లోపు, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే కారణం ఏదైనా సరే డబ్బు వెనక్కి. సరిగ్గా మూడు వారాలకు బ్యాట్‌మన్ ఆర్ఖమ్ నైట్ పీసీ వెర్షన్ వచ్చింది, మంచి మంచి కంప్యూటర్ల మీద కూడా నత్తనడక. ఒకటి రెండు రోజుల్లోనే వార్నర్ బ్రదర్స్ అమ్మకాలు ఆపేసింది. అక్టోబర్ చివరిదాకా మళ్లీ అమ్మలేదు. దానికంటే ముందూ గేమ్స్ ఇంత ఘోరంగా వచ్చాయి, తిట్లూ ఇంతే తిన్నాయి, కానీ అమ్మకం ఆపిన పెద్ద కంపెనీ ఏదని అడిగితే నాకు చప్పున గుర్తు రాదు. తిట్లకు కదలనిది డబ్బు వెనక్కి పోతుంటే కదిలింది అని నా లెక్క. మా వాడు చెప్పే "వినియోగదారుడి ఎంపిక" నిజంగా పనిచేసేది ఇదిగో ఇలా, వస్తువు చేతికొచ్చాక, చూశాక, వద్దనే హక్కు ఉన్నప్పుడు. స్టీమ్ నడిపే వాల్వ్ కూడా ఇదంతా పుణ్యానికి చేయలేదులెండి, ఆస్ట్రేలియాలో రిఫండ్ హక్కుల మీద కేసు అప్పటికే నడుస్తోంది, 2016లో కోర్టు 30 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది.

అయితే ఆ రెండు గంటలు అనేది పెద్ద గేమ్స్‌కి జోక్. నా పాత్రకు ముక్కు సరిచేయడానికే నాకు నలభై నిమిషాలు పట్టింది. మొదటి రెండు గంటలు అందరూ చూసేవి కాబట్టి అక్కడ గేమ్ అద్దంలా మెరుస్తుంది. ముసలాయన ఉండేది 41వ గంటలో.

"అయితే ఆగి కొను, ఆర్నెల్లు ఆగితే బగ్స్ పోతాయి, ధరా తగ్గుతుంది" అన్నాడు మా వాడు. ఒంటరిగా ఆడే గేమ్‌కైతే ఇది బంగారం లాంటి సలహా, వాడు పాటిస్తాడు కూడా. సైబర్‌పంక్‌ని వాడు 2023లో 2.0 అప్‌డేట్ వచ్చాక సగం ధరకు కొని "అద్భుతంరా, మీరంతా ఎందుకు ఏడ్చారో" అన్నాడు. మేం పూర్తి ధర పెట్టి కొని ఏడ్వబట్టే నీకు అద్భుతంగా వచ్చింది నాయనా, అన్నాను. అలాగే నలుగురు స్నేహితులతో కలిసి ఆడే గేమ్‌కి ఆగడం కుదరదు. ఆర్నెల్లు ఆగి వెళ్తే పెళ్లి అయిపోయాక పందిట్లోకి వెళ్లినట్టుంటుంది, సర్వర్లు ఉంటాయి, మనుషులుండరు.

నో మ్యాన్స్ స్కై 2016లో తిట్లు తిని, తర్వాత ఏళ్ల తరబడి ఉచితంగా అప్‌డేట్లు ఇచ్చి పేరు నిలబెట్టుకుంది. ఫైనల్ ఫాంటసీ 14 అయితే 2010లో వచ్చి, 2012లో సర్వర్లే ఆపేసి, 2013లో కొత్తగా కట్టుకుని మళ్లీ వచ్చింది. ఇవి నిజంగా గొప్ప కథలే, ఆ టీమ్‌ల మీద నాకు గౌరవం. కానీ ఒక్కోటి చెప్పుకుని మురిసిపోయినప్పుడల్లా మేనేజ్‌మెంట్ మీటింగ్‌లో ఎవడో "చూశారా, ముందు వదిలేద్దాం, తర్వాత బాగుచేస్తే చప్పట్లు కొడతారు" అంటున్నట్టు నాకు వినిపిస్తుంది.

మనం కూడా తక్కువవాళ్లమేం కాదు. 2009లో మోడర్న్ వార్‌ఫేర్ 2లో డెడికేటెడ్ సర్వర్లు (ఆటగాళ్లే నడుపుకునే సర్వర్లు) తీసేశారని స్టీమ్‌లో పెద్ద బహిష్కరణ గ్రూపు పెట్టారు. విడుదల రోజున ఎవరో ఆ గ్రూపు సభ్యుల లిస్టు స్క్రీన్‌షాట్ తీశారు, ఒకరి కింద ఒకరు, పేర్ల పక్కన అదే గేమ్ ఆడుతున్నట్టు చూపిస్తోంది. మా వాడు ఈ బొమ్మ నాకు నెలకోసారి పంపుతాడు. దానికి నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే ఆ లిస్టులో నేను లేకపోవడానికి ఏకైక కారణం గ్రూపులో చేరడానికి బద్ధకించడం.

ఈ పోస్ట్ రాస్తుండగా ఆ గేమ్‌కి ప్యాచ్ వచ్చింది. చేసిన మార్పుల లిస్టు చాంతాడంత ఉంది, పైనుంచి కిందికి వేలితో వెతుక్కుంటూ పోతే చాలా కింద ఒక వాక్యం దొరికింది: కొన్ని సందర్భాల్లో ఒక పాత్ర ఆటగాడి వైపు తిరగకపోవడం సరిచేయబడింది. పేరు లేదు, ఊరు లేదు. మా ముసలాయనో, ఇంకెవరైనానో. పక్కనే స్టోర్‌లో గేమ్ ధర ముప్పై శాతం తగ్గించినట్టు చూపిస్తోంది. మా వాడు అప్పటికే మెసేజ్ పెట్టాడు, "తిరిగాడేమో చూసి చెప్పు, తిరిగితే నేను కొంటా" అని. డౌన్‌లోడ్ ఇప్పుడు 62 శాతం దగ్గరుంది.